బస్టాండు గోడ మా పిల్లలకివ్వండి

చిక్కబళ్ళాపురం జిల్లాధికారి గారికి,

నేను బాగేపల్లి తాలూకులో హైస్కూలు పిల్లలకు చాలాకాలం బొమ్మలు నేర్పి విశ్రాంతి తీసుకున్న డ్రాయింగు మేష్ట్రుని. ఇదే విషయం మీద కన్నడలో దరకాస్తు విడిగా మీ కచేరికి పంపుతున్నాను. ఈ తెలుగు లేఖ మాత్రం నలుగురూ చదవడానికి. బాగేపల్లి, చింతామణి, గుడిబండ, చేలూరు దిక్కున ఇళ్ళలో వినబడేది తెలుగే గనక, అక్కడి జనం పేరు చెప్పి నేనేం అడుగుతున్నానో వాళ్ళకూ తెలియాలి. మీరు సరేనంటే రేపు బొమ్మల ముందు నిలబడవలసింది వాళ్ళే.

అడుగుతున్నది పెద్దదేం కాదు. మా ఊళ్ళనుంచి బెంగళూరుకో మైసూరుకో పోయి చిత్రకళ, శిల్పం చదువుకునే పిల్లలు తాము చేసిన పనిని తమవాళ్ళకు చూపించుకోవడానికి ఒక చోటు కావాలి. కొత్త భవనం కట్టమనడం లేదు. శంకుస్థాపన రాళ్ళు ఈ జిల్లాలో ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి. జనం ఎట్లాగూ వచ్చి నిలబడే చోట ఒక గోడ, ఏటా తప్పిపోని ఒక నెల, అంతే.

చిత్రకళ చదువు ఎట్లా నడుస్తుందో చాలామందికి తెలియదు గనక కొంచెం చెప్పనివ్వండి. పీయూసీ ముగించిన పిల్లవాడు బెంగళూరులో చిత్రకళా పరిషత్తు కాలేజీకో, మైసూరులో అందరూ 'కావా' అనే చామరాజేంద్ర దృశ్యకళా అకాడెమీకో పోతాడు. నాలుగేళ్ళ బీవీఏ. మొదట గీత, రంగు, మట్టి, అచ్చు అన్నీ కొంచెం కొంచెం చేయించి, తర్వాత పెయింటింగో శిల్పమో గ్రాఫిక్సో ఒకదాన్ని పట్టుకోమంటారు. ఏడాది చివర 'డిస్‌ప్లే' ఉంటుంది. స్టూడియో గోడలకు తెల్లరంగు కొట్టి, ఎవరి మూల వాళ్ళు సర్దుకుని, చేసినదంతా వేలాడదీస్తారు. పరీక్షాధికారులు వచ్చి నాలుగు ప్రశ్నలు వేసి మార్కులు రాసుకుని పోతారు. తోటిపిల్లలు చూస్తారు, ఫోటోలు తీసుకుంటారు. తర్వాత ఖాళీ చెయ్యాలి, గోడ వేరేవాళ్ళకు కావాలి. మట్టి శిల్పాలను పగలగొట్టి ఆ మట్టినే మళ్ళీ నానబెడతారు. ప్లాస్టరు పోతలు బరువు గనక అక్కడే ఏదో వరండాలో ఉండిపోతాయి. కాన్వాసులను చట్రంనుంచి ఊడదీసి చుట్టచుట్టుకుంటారు.

ఆ చుట్టతో మా దిక్కు బస్సెక్కడం ఒక వేడుక. సీటు కింద పట్టదు. పైన పెడితే మూటల కింద నలుగుతుంది. నిలబెట్టి పట్టుకుంటే ఎక్కేదిగేవాళ్ళ మోచేతులు తగులుతాయి. కండక్టరు లగేజి టికెట్టు తీసుకోమంటాడు, తప్పేమీ లేదు, ఆయన లెక్క ఆయనది. ఇంటికి చేరాక అది అటకెక్కుతుంది. నాలుగేళ్ళ చదువు అటకమీద, సర్టిఫికెట్టు మాత్రం ఫ్రేములో గోడమీద.

చింతామణి దిక్కున పట్టుపురుగులు మేపే ఇంట పుట్టిన పిల్ల ఒకతె గ్రాఫిక్సు చదివింది. చెక్కమీద చంద్రికను చెక్కి అచ్చులు తీసింది. చుట్టుచుట్టుగా తిరిగే వెదురుపట్టీ, ఆ సందుల్లో సగం అల్లిన గూళ్ళు, పండిన పురుగులను ఏరి వేస్తున్న చెయ్యి. నల్లరంగు ఒక్కటే. పరీక్షకొచ్చినవాళ్ళు మెచ్చుకున్నారట, కాకపోతే చంద్రిక అంటే ఏమిటో వాళ్ళలో ఒకరికి ఆ పిల్లే విడమరచాల్సొచ్చిందట. చంద్రిక తెలిసినవాళ్ళు ఊరూరా ఉన్న ఈ సీమలో మాత్రం ఆ అచ్చును ఎవరూ చూడలేదు. తల్లి ఫోనులో చూసింది, రెండు వేళ్ళతో పెద్దది చేసి.

నా వాదమంతా ఈ అచ్చు చుట్టూనే తిరుగుతుంది. శిడ్లఘట్ట గూళ్ళ మార్కెట్టుకు పోయే రైతు ఒకడు ఆ బొమ్మముందు నిలబడితే 'పురుగును ఇంత పలచగా ఎవరేస్తారమ్మా' అని అడుగుతాడు. 'ఈ చెయ్యి ఆడమనిషిదా మగవాడిదా' అని వాళ్ళావిడ అడుగుతుంది. ఆ ప్రశ్నలు ఏ ప్రొఫెసరూ అడగలేడు. వాటికి జవాబు చెప్పుకుంటూ ఆ పిల్ల రెండో అచ్చు ఇంకోరకంగా తీస్తుంది. చదువులో ఆ భాగం మా పిల్లలకు అందడం లేదు. పల్లెను గీస్తున్నారు, పల్లె చూడటం లేదు.

పాట నేర్చినవాళ్ళకు ఈ సీమలో ఆ కరువు లేదు. చింతామణి తాలూకు కైవారంలో గురుపూర్ణిమకు జరిగే సంగీతోత్సవం మీకు నేను చెప్పనక్కరలేదు. తెలుగులోనూ కన్నడలోనూ పదాలు పాడిన నారేయణ తాతయ్య పేరుమీద మూడు రోజులు రేయింబవళ్ళు పాట ఆగదు. పేరున్న విద్వాంసులు పాడే ఆ చోటే పల్లెల భజన గుంపులూ కూచుంటాయి. అక్కడ పాడతామని తెలుసు గనక ఏడాది పొడుగునా సాధన చేసే పిల్లలున్నారు. బొమ్మలు వేసే పిల్లకు అట్లాంటి తేదీ ఒకటి కేలెండరులో లేదు.

బెంగళూరులో చోటు లేదా అంటారేమో. ఉంది, నేనే పిల్లల్ని తోలుకుని పోయేవాణ్ణి. చిత్రకళా పరిషత్తు వాళ్ళు ఇరవై ఏళ్ళకు పైగా జనవరిలో ఒక ఆదివారం కుమారకృప రోడ్డు మీద చిత్రసంతె పెడుతున్నారు. రోడ్డుకు బండ్లు ఆపేసి, వెయ్యిమందికి పైగా చిత్రకారులు గోడలవెంట, చెట్లకింద బొమ్మలు పెట్టుకుని కూచుంటారు. వంద రూపాయల బొమ్మా ఉంటుంది, లక్షల బొమ్మా ఉంటుంది. ఇంటికొక కళాకృతి అన్నది వాళ్ళ నినాదం. మహాత్మాగాంధీ రోడ్డు మెట్రో స్టేషను పక్కన 2013లో రంగోలి మెట్రో ఆర్ట్ సెంటర్ అని తెరిచారు. సృష్టి కళాశాల విద్యార్థులు 2014నుంచి పీణ్య, కబ్బన్ పార్కు మెట్రో స్టేషన్ల గోడలమీద పనిచేశారు. రైలుకోసం నిలబడ్డ మనిషికి బొమ్మ కనబడాలన్న ఆ ఆలోచనే నేను ఇక్కడికి తేవాలంటున్నది.

ఇక కస్తూర్బా రోడ్డులో ప్రభుత్వమే కట్టించిన వెంకటప్ప చిత్రశాల కథ మీవంటి అధికారులు గుర్తుంచుకోదగ్గది. అవనీంద్రనాథ్ ఠాకూర్ దగ్గర చదువుకున్న మైసూరు సంస్థాన చిత్రకారుడు కె. వెంకటప్ప పేరుమీద వెలసిన ఆ చిత్రశాలలో తక్కువ బాడుగకు హాలు దొరికేది, కాలేజీనుంచి బయటపడ్డ పిల్లలు ఎంతమందో మొదటి ప్రదర్శన అక్కడే పెట్టుకున్నారు. దాన్ని ఒక ప్రైవేటు ఫౌండేషను చేతికిచ్చే ఒప్పందం బయటికొచ్చినప్పుడు, 2016లో చిత్రకారులు ఆ ఆవరణలోకే వచ్చి నిరసన తెలిపారు. పేరున్నవాళ్ళకు గ్యాలరీలు వేరే దొరికేవి. అయినా వాళ్ళూ వచ్చి నిలబడ్డారు, తర్వాతి తరం తలుపు మూసుకుపోతుందని.

కానీ ఇవన్నీ బెంగళూరులో. బాగేపల్లికి నూరు కిలోమీటర్లు. చిత్రసంతెకు మా పిల్లవాడు పోవచ్చు, వాడి అవ్వ పోదు.

అవ్వలకు బొమ్మలు తెలియవు అనే మాట నేను కచేరిల్లో చాలాసార్లు విన్నాను. ఆ మాట అనేవాళ్ళను లేపాక్షికి తీసుకుపోవాలి. బాగేపల్లి దాటి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఎడమకు తిరిగితే చిలమత్తూరు మీదుగా ఎంతో దూరం లేదు. వీరభద్రస్వామి గుడి మండపాల కప్పులమీద దాదాపు అయిదు వందల ఏళ్ళనాటి బొమ్మలు ఇంకా ఉన్నాయి. కిరాతార్జునీయం, పార్వతీ కల్యాణం, పంది వేట. ఆ బొమ్మలను ఏ రాజు పడకగదిలోనూ వెయ్యలేదు. గుడికొచ్చిన గొల్లవాడూ రెడ్డీ సెట్టీ మెడ పైకెత్తితే కనబడే చోట వేశారు. వేసినవాళ్ళ పేర్లు మనదాకా రాలేదు, వాళ్ళు వేసిన చీరల అంచులు, కొప్పుల ముడులు మాత్రం ఈనాటికీ నేతగాళ్ళు చూసి దించుకుంటున్నారు. చూసేవాళ్ళకు ఏం తెలియకపోతే ఆ అంచులు ఇంతకాలం బతికేవి కావు.

తోలుబొమ్మలాట సంగతి కూడా అంతే. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట బొమ్మలాటవాళ్ళు ఊరిబయట తెరకట్టి తెల్లవార్లూ ఆడిన కాలం మా పెద్దలకు తెలుసు. మేకతోలు మీద ఉలితో కొట్టిన ఆ చిల్లుల పనిని దీపపు వెలుగులో తెరమీద చూసి పెరిగిన జనం ఇది. ఆటలు తగ్గాక ఆ కుటుంబాలు దీపాలకు కప్పే తోలు తొడుగులూ గోడకు తగిలించే పటాలూ చేసుకుని నిలదొక్కుకున్నాయి. వాళ్ళలో దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. సరిహద్దుకు ఈ పక్కనున్న మేం పత్రికలో చదివి సంతోషించాం. ఆ పని చూపించమంటే చూపడానికి మాకొక గోడ లేదు.

గోడలు లేవని కూడా కాదు. ఏ సర్కిల్‌కైనా పోయి చూడండి. జన్మదిన శుభాకాంక్షల ఫ్లెక్సు, దానిమీద చిన్న గుండ్రాల్లో ముప్పైమంది మొహాలు, పక్కన కోచింగు సెంటరు, దానిపక్క చిట్‌ఫండు. కర్ణాటకలో బహిరంగ స్థలాలను వికారం చేయకుండా 1981లోనే చట్టం తెచ్చారు. 2018లో హైకోర్టు గట్టిగా పట్టుకున్నాక బెంగళూరులో ఫ్లెక్సులు చూస్తుండగానే దిగిపోయాయి కూడా. మా సర్కిళ్ళకు ఆ గాలి ఇంకా పూర్తిగా సోకలేదు. ఆ ఫ్లెక్సు వచ్చాకే చేత్తో బోర్డులు రాసేవాళ్ళు మా ఊళ్ళలో పని లేక పోయారు. ఒకే బోర్డుమీద కన్నడమూ తెలుగూ చక్కగా ఒదిగేటట్టు రాయగలిగిన చేతులవి. పుట్టినరోజుకు చోటివ్వగలిగిన సర్కిల్, చదువుకున్న పిల్ల బొమ్మకు ఇవ్వలేకపోవడం నాకు మింగుడుపడదు.

ప్రభుత్వ గోడల బొమ్మలు ఇంకో కథ. అంగనవాడి, ఆస్పత్రి కాంపౌండు, పంచాయతి కచేరి ఎక్కడ చూసినా ఎర్రమన్ను రంగు మీద తెల్లటి కర్రకాళ్ళ మనుషులు గుండ్రంగా చెయ్యి చెయ్యి పట్టుకుని ఆడుతుంటారు. అవి మహారాష్ట్రలో వార్లీ గిరిజనుల బొమ్మలు. వార్లీల మీద నాకు గౌరవమే. చదరపు అడుగుకింత అని గుత్తకు తీసుకున్నవాడు ఫోనులో దొరికినదాన్ని దించిపోయాడు, అంతే. వేరుసెనగ, టమోటా, పట్టు, ఎండిన చెరువు, చిత్రావతి ఇసుక, ఇవన్నీ కళ్ళముందున్న సీమలో గోడమీదికి వచ్చింది మాత్రం ఠాణే దిక్కు వరికోత. మా పిల్లలను ఒక్క మాట అడిగి ఉంటే ఎంత బాగుండేది.

మెక్సికోలో 1920ల మొదట్లో, విప్లవం సద్దుమణిగాక, హోసే వాస్కొన్సెలోస్ అనే విద్యామంత్రి సర్కారీ బడుల గోడలు, కచేరీల గోడలు చిత్రకారులకు అప్పగించాడు. డియేగో రివేరా వంటివాళ్ళు అట్లా వచ్చారు. అందులో కొందరు అప్పటికి ఇంకా కుర్రవాళ్ళే. వాళ్ళు వేసినవన్నీ మంత్రికి నచ్చలేదు, అయినా గోడలు వెనక్కి తీసుకోలేదు. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

ఇప్పుడు అసలు మనవి. మొదటిది బస్టాండు గోడ. బాగేపల్లిలో ఒకటి, చింతామణిలో ఒకటి. బస్టాండులో మనిషి కనీసం పావుగంట నిలబడతాడు, పల్లె బస్సయితే ముప్పావుగంట. చేతిలో సంచి, కళ్ళకు పనిలేదు. కాలేజీ పిల్లలు, ఆస్పత్రికొచ్చినవాళ్ళు, కోర్టు వాయిదాకొచ్చినవాళ్ళు, కొత్తగా పెళ్ళైన జంటలు, టమోటా డబ్బు రుమాల్లో చుట్టుకున్న రైతులు, అందరూ అక్కడే. గ్యాలరీ తలుపు తోసుకుని లోపలికి రావడానికి మా జనానికి సంకోచం. పిలుపు లేకుండా ఎట్లా పోతాం అనుకుంటారు. బస్టాండుకు పిలుపు అక్కరలేదు.

ఆ గోడ మీది కాదని నాకు తెలుసు, అది కె.ఎస్.ఆర్.టి.సి.ది. వాళ్ళ చిక్కబళ్ళాపురం విభాగ అధికారికి మీరొక ఉత్తరం రాయాలి. ప్రకటనలకు గోడలు బాడుగకిచ్చే అలవాటు ఆ సంస్థకు ఉన్నదే, కాబట్టి వాళ్ళకు ఇది కొత్త లెక్క కాదు. ప్లాట్‌ఫారం మీద కప్పు నీడ పడేచోట, వాన జల్లు తగలనిచోట, ముప్పై నలభై అడుగుల గోడ చాలు. పై అంచున ఇనుప కడ్డీ ఒకటి, దానికి కొక్కేలు, మధ్యమధ్య ట్యూబ్‌లైట్లు. కాగితం మీది నీటిరంగుల బొమ్మలకు అద్దం తప్పదు, దుమ్ము, డీజిలు పొగ వాటిని నెలలో పాడుచేస్తాయి. నూనె రంగులు, అక్రిలిక్కు ఓర్చుకుంటాయి. అచ్చు బొమ్మలయితే అసలుది ఇంట్లో పెట్టుకుని ఇంకో ప్రతి తగిలించవచ్చు, అందుకే మొదటి ఏడు గ్రాఫిక్సు పిల్లలతో మొదలుపెట్టడం మేలు. శిల్పాలకు బస్టాండు వద్దు. పిల్లలెక్కి ఆడతారు, ఆడితే తప్పుపట్టలేం.

బొమ్మ కింద పేరు, ఊరు, ఏ కాలేజీ, ఏ మాధ్యమం. రెండు లిపుల్లో, పెద్దక్షరాల్లో. నెలకొకసారి బొమ్మలు మారాలి, మారకపోతే నాలుగో నెలకు అది గోడలో కలిసిపోతుంది, ఎవరి చూపూ ఆగదు. మార్చిన రోజున ఆ పిల్లవాడు సాయంత్రందాకా అక్కడే ఉండాలి. అడిగినవాళ్ళకు చెప్పాలి, విమర్శించినవాళ్ళ మాట వినాలి. దీపం వెలిగించే కార్యక్రమం, శాలువా, వేదిక, ఇవేవీ వద్దని చేతులెత్తి వేడుకుంటున్నాను. వేదిక కట్టామంటే ఎవరు ఎవరి పక్కన కూచోవాలన్నది ముఖ్యమవుతుంది, గోడ వెనకబడుతుంది.

రెండోది ఆషాఢం. కాలేజీల్లో చివరి డిస్‌ప్లేలు సాధారణంగా ఎండాకాలం చివర ముగుస్తాయి. ఆషాఢంలో మాకు పెళ్ళిళ్ళుండవు. సముదాయ భవనాలన్నీ బోసిగా ఉంటాయి, వాచ్‌మన్ వరండాలో పడుకుని ఉంటాడు. ప్రభుత్వ డబ్బుతో కట్టిన ఆ భవనాల్లో ఒకటి, తాలూకుకు ఒక్కటి, ఆ నెలలో పదిహేను రోజులు మా పిల్లలకు బాడుగ లేకుండా ఇవ్వండి. శిల్పాలు, పెద్ద కాన్వాసులు, కుండమట్టి పని అక్కడ పెట్టుకుంటారు. పైగా గురుపూర్ణిమ పడేది ఆషాఢంలోనే. కైవారానికి వేలమంది వచ్చిపోయే ఆ రోజుల్లో చింతామణి భవనం తెరిచి ఉందంటే జనానికి కొరత ఉండదు. కైవారం ఆవరణలోనే కొంత చోటిమ్మని మఠం వాళ్ళను కూడా అడగవచ్చు, అది వాళ్ళ ఇష్టం. పెళ్ళిళ్ళు లేని ఇంకో నెల పుష్యం. అది చిత్రసంతె కాలం గనక పిల్లలు బెంగళూరులో ఉంటారు, ఆ నెలను వదిలేద్దాం.

నందికొండ మీద పెట్టండని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. వద్దు. వారాంతంలో అక్కడికి వచ్చేది బెంగళూరు కార్లు. పొగమంచు, సూర్యోదయం, కాఫీ చూసుకుని దిగిపోతారు. మళ్ళీ మా పిల్లలు బెంగళూరువాళ్ళకే చూపించినట్టవుతుంది, కొండెక్కించి మరీ. కోలారు దగ్గర తేరహళ్ళి కొండమీద కోటిగానహళ్ళి రామయ్య గారు, ఆయన స్నేహితులు నిలబెట్టిన 'ఆదిమ'లో పున్నమి రాత్రుల్లో పాటకూ నాటకానికీ జనం కొండెక్కివస్తారు. అది చుట్టుపక్కల పల్లెల జనంతోనే పెరిగింది గనక నిలిచింది. రాజమండ్రిలో దామెర్ల రామారావు బొంబాయి జె.జె. స్కూల్లో చదివి, అక్కడే ఉండిపోయే వీలున్నా గోదావరి ఒడ్డుకే తిరిగొచ్చి శిష్యులను తయారుచేశాడు. ముప్పై నిండకుండానే 1925లో పోయాడు, అయినా ఆయన పేరున చిత్రశాల ఆ ఊళ్ళో ఇప్పటికీ ఉంది. మా తాలూకులో పరగోడు పేరు పత్రికల్లోకి వచ్చింది చిత్రావతి ఆనకట్టమీద రెండు రాష్ట్రాలు తగువులాడుకున్నప్పుడే. ఇంకో కారణానికి వస్తే కాదంటామా.

మీకొక భయం ఉంటుంది, దాన్ని నేను చులకన చెయ్యను. గోడమీద ఎవరో ఏదో వేస్తారు, ఎవరికో కోపమొస్తుంది, స్టేషనుకు కంప్లయింటు పోతుంది, ఫోన్లు మీకొస్తాయి. 2007 మే నెలలో బరోడా విశ్వవిద్యాలయంలో అదే జరిగింది. తెలుగునేల నుంచి వెళ్ళిన విద్యార్థి ఒకడు పరీక్షకోసం లోపల పెట్టుకున్న బొమ్మలను బయటివాళ్ళు వచ్చి తప్పుపట్టారు. పిల్లవాణ్ణి పోలీసులు పట్టుకుపోయారు. విద్యార్థుల పక్షాన నిలబడ్డ డీన్ శివాజీ పణిక్కర్‌ను విశ్వవిద్యాలయమే సస్పెండు చేసింది. దేశమంతా చిత్రకారులు వీధికెక్కారు. అక్కడ లోపించింది ఒక్కటే, పిల్లవాడి వెనక నిలబడి 'దీనికి మాదీ పూచీ' అని చెప్పే కాగితం.

కాబట్టి ఆ కాగితం మొదలే రాసుకుందాం. ఇద్దరు డ్రాయింగు మేష్టర్లు, కర్ణాటక లలితకళా అకాడెమీ తరపున ఒకరు, ఊళ్ళోనుంచి ఒక ఆడమనిషి, ఒక పాత విద్యార్థి, అయిదుగురు బొమ్మలు ఎంపిక చేస్తారు. బస్టాండు పసిపిల్లలు కూడా తిరిగే చోటు, అన్ని బొమ్మలూ అక్కడికి తగవన్నది మాకూ తెలుసు. అట్లాంటివి ఆషాఢం హాల్లో పెడతాం. కానీ ఒకసారి ఎంపికై గోడమీదికెక్కిన బొమ్మను, ఎవరో గట్టిగా అరిచారని మర్నాడు దించకూడదు. కంప్లయింటు రాతలో రావాలి, ఆ అయిదుగురూ కూచుని వినాలి, నిర్ణయం రాతలో చెప్పాలి. వాస్కొన్సెలోస్‌కు నచ్చని గోడలు కూడా నిలిచాయని ఇందాక చెప్పింది ఇందుకే. రాజకీయం వేస్తారేమో అని కూడా అనుకుంటారు. వేస్తారు. ఎర్రజెండా పట్టినవాళ్ళను అసెంబ్లీకి పంపిన తాలూకు ఇది, పిల్లలు టమోటా ధర మీదనైనా ఒక బొమ్మ వెయ్యకుండా ఉంటారా?

డబ్బు సంగతి త్వరగా చెప్పి ముగిస్తాను. కడ్డీ, కొక్కేలు, లైట్లు, సున్నం, అద్దాల ఫ్రేములు, ఇవి ఒక్కసారి ఖర్చు. పురసభ నిధుల్లోంచి పెట్టగలిగినవే. ఏటేటా కావలసింది రవాణా ఒక్కటే. ప్లాస్టరు శిల్పం బస్సులో రాదు, డిస్‌ప్లే ముగిసిన వారంలో బెంగళూరుకు, మైసూరుకు ఒక చిన్న టెంపో పంపితే అందరి పనీ వచ్చేస్తుంది. పిల్లలదగ్గర ప్రవేశ రుసుము అని ఏమీ పుచ్చుకోవద్దు. వాళ్ళకు సర్టిఫికెట్టు బదులు దారిఖర్చు ఇవ్వండి. బొమ్మ అమ్ముడుపోతే సొమ్ము పిల్లలదే, కావాలంటే అందులో కొంత భాగం తర్వాతివాళ్ళ రంగులకు పక్కనపెట్టవచ్చు. శాంతినికేతన్ కళాభవన్ విద్యార్థులు 1973నుంచి ఏటా డిసెంబరు మొదట్లో, నందలాల్ బోస్ పుట్టినరోజు ముందు రెండు రోజులు, నందన్ మేళా పెట్టి తాము చేసినవి అమ్ముతారు. ఆ డబ్బు కష్టంలో ఉన్న విద్యార్థుల సహాయనిధికి పోతుంది. కొచ్చిలో బినాలే అనే కళాప్రదర్శనను 2012లో మొదలుపెట్టినవాళ్ళు రెండోసారి, 2014లో, దేశంలోని కళాశాలల విద్యార్థులకోసం ప్రత్యేకంగా ఒకటి జోడించారు, మట్టాంచేరి పాత గోదాముల్లో. మిరియాలూ అల్లమూ నిలవచేసిన గదుల్లో ప్రభుత్వ కాలేజీ పిల్లల పని చూడటానికి ప్రపంచం నలుమూలలనుంచి వస్తున్నారు. మా చింతామణిలో గోదాములకు కొరతేం లేదు, అది మాత్రం ఇంకో లేఖలో అడుగుతాను.

మధ్యలో ఒక చిన్న మాట. 2025 జులైలో నందికొండ మీద కూర్చున్న మంత్రివర్గం బాగేపల్లిని భాగ్యనగర అనాలని నిర్ణయించింది. దానిమీద నా అభిప్రాయం ఎవరూ అడగలేదు, నేనూ చెప్పను. ఊరి పేరు మారితే మాత్రం బోర్డులన్నీ మారతాయి, ఊరిమొగదలనుంచి తాలూకు కచేరిదాకా. ఆ అక్షరాలు ఫ్లెక్సుమీద ముద్ర కొట్టించకుండా మా పిల్లలచేత చేత్తో రాయించండి. అప్లైడ్ ఆర్ట్ చదివిన పిల్లలకు అక్షరాలే చదువు. పాత బోర్డులు రాసిన చేతులు ఒకటి రెండు ఇంకా మిగిలున్నాయి, వాళ్ళనూ పిలిచి పక్కన నిలబెట్టుకుంటే నేర్పుతారు.

ఈ పని నోటిమాటగా వద్దు. జిల్లాధికారులు మారతారు, ఎన్నికల నియమావళి వస్తుంది, బస్టాండుకు కొత్త రంగు కొట్టే గుత్తేదారు కడ్డీ పీకేస్తాడు. గోడ ఏది, ఎన్ని అడుగులు, ఏ నెల, ఎవరి పూచీ అన్నది ఆదేశంగా రావాలి. ఒక ప్రతి కె.ఎస్.ఆర్.టి.సి.కి, ఒకటి బాగేపల్లి పురసభకు, ఒకటి చింతామణి నగరసభకు. రెండు బస్టాండుల్లోనూ గోడల కొలతలు తీసి కన్నడ దరకాస్తుకు జతచేశాను, ఎక్కడ జల్లు పడుతుందో పెన్సిలుతో గీత గీశాను. వచ్చే ఆషాఢానికి మొదలుపెట్టాలంటే మే నెలలో మీరు ఒక పూట పిలిచి మాట్లాడితే చాలు, మా పాత విద్యార్థులు నలుగురు నాతో వస్తారు. జవాబు కన్నడలోనే ఇవ్వండి, చదువుకుంటాం. బస్టాండులో అంటించే నోటీసు మాత్రం రెండు భాషల్లో ఉండాలని మనవి.

ఇట్లు,
విశ్రాంత డ్రాయింగు మేష్ట్రు ఒకరు,
బాగేపల్లి తాలూకు